కవచములోని బాలుడు – ‘గండమ్’ చిత్రకథ: ఒక పరిశీలన

మహాకాయుల కథలపై మానవునకు గల మక్కువ నేటిది కాదు. కుంభకర్ణుని నిద్రను గూర్చి విని నవ్వని బాలుడును, ఘటోత్కచుడు నేలకూలిన ఘట్టమును విని నిట్టూర్చని వృద్ధుడును తెలుగువారిలో అరుదు. ద్రోణపర్వమున ఘటోత్కచుడు ప్రాణము పోవు క్షణమున సైతము తన దేహమును పెంచి కౌరవసేనపై బడి, ఆ పాటుతో కూడ తనవారికి మేలు చేసెను. అంత పెద్ద దేహమును చూచి మనము మొదట ఆశ్చర్యపడుదుము. అది ఎవరి కొరకు పడినదో తలచుకొన్నప్పుడు మాత్రమే కంట నీరు పెట్టుదుము. ఈ భేదమును మనస్సున నుంచుకొని, నేడు మన యిండ్లలోని యువతీయువకులు రెప్పవాల్చక చూచుచున్న జపాను బొమ్మల చిత్రములలో నొక శాఖను, అనగా అంతరిక్ష యుద్ధమున పోరాడెడి భీమకాయ యంత్రముల కథలను, పరిశీలింప బూనితిని.

ఈ చిత్రములను ‘అనిమే’ అని పిలుతురు. మన పెద్దలలో పలువురు వీనిని ఒక నిమిషము చూచి, ఇనుపబొమ్మలు కొట్టుకొనుటలో నేమున్నదని ముఖము త్రిప్పుకొందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఈ శాఖలో పుట్టిన కథలు పెక్కు బొమ్మల దుకాణమునకు ప్రకటనలుగానే పుట్టినవి. అయినను వానిలో ఒకటి నలువది యేండ్లకు పైగా నిలిచి, కొత్త తరములను ఆకర్షించుచునే యున్నది. అది 1979లో వెలువడిన ‘మొబైల్ సూట్ గండమ్’. ఆ పేరు వినగానే తెలుగువారికి ‘గండము’ అను మాట స్ఫురించుట యాదృచ్ఛికమే గాని, కథ నిండ గండములే యగుటచే ఆ పేరు మన చెవికి బాగుగనే యమరినది. ఇంతకాలము ఆ కథను నిలిపినది యంత్రపు పరిమాణము కాదనియు, ఆ యంత్రములోపల కూర్చున్న పదునైదేండ్ల బాలునకు తిరిగిపోవుటకు ఇల్లు లేకపోవుటయే దానికి ప్రాణమనియు నా యభిప్రాయము. దానిని సమర్థించుటకే ఈ వ్యాసము.

ముందుగా ఈ శాఖ వంశక్రమమును కొంత తెలిసికొనవలెను. మిత్సుతెరు యొకొయామా 1956లో ఆరంభించిన ‘తెత్సుజిన్ 28’ అను చిత్రకథలో ఒక బాలుడు మీటల పెట్టెను చేతబట్టుకొని ఒక ఉక్కుమనిషిని నడపును. యుద్ధకాలమున ఆయుధముగా తలపెట్టబడిన ఆ యంత్రమునకు మంచిచెడ్డలు లేవు. మీటలు ఎవరి చేతిలో నున్న వారి మాట వినును. ఆ రచయిత కథ ఆధారముగా 1967లో నటులతో తీసిన ‘జెయంట్ రోబో’ ధారావాహిక 1980ల దశకమున మన దూరదర్శన్‌లో కూడ ప్రసారమైనది. చేతి గడియారమును నోటి చెంతకు తెచ్చి భీమయంత్రమును పిలిచిన ఆ బాలుడు నేడు నడివయస్సున నున్న పాఠకులలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. పిదప 1972లో గో నగాయ్ ‘మజింగర్ జెడ్’ అను కథలో బాలుని దూరమున నిలుపక, యంత్రపు శిరస్సుననే కూర్చుండబెట్టెను. ఈ కథలన్నిట సామాన్యముగా శత్రువు దుష్టుడు, నాయకుడు నిర్దోషి. వారమునకొక రాక్షసయంత్రము వచ్చును, చచ్చును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. అందులో తప్పేమియు లేదు; అది ఆటకు చెందిన ఆనందము.

గండమ్ కథను నడిపిన దర్శకుడు యోషియుకి తోమినో 1941లో జన్మించెను. ఓడిపోయి శిథిలమైన దేశమున బాల్యము గడపిన తరమువాడు. 1960ల దశకమున ఒసాము తెజుకా స్థాపించిన ముషి సంస్థలో ‘ఆస్ట్రో బాయ్’ ధారావాహికకు పనిచేసి చేయి తిప్పుకొనెను. గండమ్‌ను సన్‌రైజ్ సంస్థ నిర్మించినది. పాత్రల రూపములను యోషికాజు యసుహికో, యంత్రముల రూపములను కునియో ఓకావారా తీర్చిరి. నగోయా టెలివిజన్‌లో 1979 ఏప్రిల్ 7న ప్రసార మారంభమైనది. బొమ్మలు చేసెడి ఒక సంస్థ ఖర్చు భరించినది. అయితే చూచువారు తక్కువ, బొమ్మల అమ్మకము మందము. అందుచే 52 భాగములుగా తలపెట్టిన కథను కుదించి, 1980 జనవరి 26న 43వ భాగముతో ముగించిరి. తరువాత జరిగినది విచిత్రము. పునఃప్రసారములు జరిగినకొలది ఉన్నత పాఠశాలలలోను, కళాశాలలలోను చదువుకొను యువకులు ఈ కథ చుట్టును చేరిరి. 1980 జూలైలో బండై సంస్థ విడి భాగములను కూర్చి చేసికొను చిన్న ప్లాస్టిక్ నమూనాలను విడుదల చేయగా అవి విరివిగా అమ్ముడుపోయెను. 1981, 1982 సంవత్సరములలో కథనంతయు మూడు చలనచిత్రములుగా కూర్చి ప్రదర్శించిరి. పసిపిల్లలకని చేసిన కథను పెద్దపిల్లలు తమదిగా చేసికొనిరన్నమాట. వారికి అందులో కనబడినదేమి?

ఇతివృత్తమును సంగ్రహముగా చెప్పెదను. భూమిపై జనసంఖ్య పెరిగిపోగా, మానవులు అంతరిక్షమున బ్రహ్మాండమైన కృత్రిమ నివాసములను నిర్మించి అక్కడకు వలసపోయిరి. ఈ ఊహ గాలిలో పుట్టినది కాదు. అమెరికాలోని ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు జెరార్డ్ ఓనీల్ 1970ల దశకమున ఇట్టి నివాసములను గూర్చి లెక్కలు కట్టి వ్రాసెను. సుమారు 6 కిలోమీటర్ల అడ్డుకొలతయు, 32 కిలోమీటర్ల పొడవును గల గొట్టములు తమ చుట్టు తాము తిరుగుచుండ, ఆ భ్రమణము వలన లోపలివారికి భూమిపై నున్నట్లే బరువు తోచును. లోపలి గోడయే నేల. తలయెత్తి చూచినవానికి ఆకాశమునకు బదులు ఎదుటివారి యిండ్ల కప్పులు కనబడును. అట్టి నివాసములలో వలసజీవనము అరశతాబ్దికి పైగా సాగినది. భూమిని కన్నులార చూడని బిడ్డలు అక్కడ పుట్టి పెద్దవారైరి. అయినను పరిపాలన మాత్రము భూమిపై నున్న సమాఖ్య ప్రభుత్వపు చేతిలోనే యుండెను. భూమికి మిక్కిలి దూరమున నున్న నివాససమూహము ‘జియోన్’ అను పేర స్వాతంత్ర్యము ప్రకటించి యుద్ధమునకు దిగెను. యుద్ధపు తొలి దినములలోనే ఇరుపక్షముల జనములో సగము నశించినది. కథ ఈ సర్వనాశనము జరిగిన కొన్ని నెలలకు మొదలగును.

ఇక్కడ కథకుని చూపు గమనింపదగినది. వలసవారి ఫిర్యాదు న్యాయమైనది. తమ బ్రతుకును తామే నడుపుకొందుమన్న తొలినాయకుని కోరిక ధర్మమైనది. కాని అతని మరణానంతరము అధికారము జాబీ కుటుంబము పాలయ్యెను. ఆ కుటుంబపు పెద్దకొడుకు గిరెన్, స్వపరిపాలన అను మాటను మెల్లగా మార్చి, అంతరిక్షవాసులే శ్రేష్ఠజాతి అను మాటగా చేసెను. అతని కన్నతండ్రియే అతనిని హిట్లరుతో పోల్చి మందలించును. మరియొకవైపు సమాఖ్యలో నున్నవారు ధర్మమూర్తులు కారు. అలసత్వము, స్వార్థము, అధికారదర్పము వారిలో నిండి యున్నవి. అందుచే ప్రేక్షకునకు నిశ్చింతగా నిలుచుటకు ఏ పక్షమునను చోటు దొరకదు. పూర్వపు యంత్రకథలలో దొరకెడి సుఖము ఇక్కడ కరవైనది.

ఇక యంత్రమును గూర్చి. గండమ్ ఎత్తు 18 మీటర్లు. అది స్వయముగా ఆలోచించెడి మరమనిషి కాదు. దాని పేరులోని ‘సూట్’ అను మాటకు తొడుగు అని యర్థము. మన భాషలో కవచమనుట యుక్తము. రాడారులను పనిచేయనీయని ఒక కణమును కథలో కల్పించి, దూరమునుండి గురిచూచి కొట్టెడి ఆయుధములను రచయితలు నిరుపయోగములుగా చేసిరి. కాబట్టి యోధులు మరల దగ్గరకు వచ్చి, ముఖాముఖి, ఖడ్గముతో సైతము పోరవలసి వచ్చెను. ఈ చిన్న యుక్తితో వీరగాథల నాటి ద్వంద్వయుద్ధము అంతరిక్షయుగమునకు తిరిగివచ్చినది. అయితే ఈ కవచము మాయాకవచము కాదు. దీనికి గుండ్లు తరిగిపోవును, కీళ్లు అరుగును, మరమ్మతులు కావలెను. శత్రువుల ‘జాకు’ యంత్రములు ఒకే అచ్చున పోసినట్లు వందలుగా తయారగును. ఇన్ని వివరములు యంత్రమును నమ్మదగినదిగా చేయును. నమ్మినకొలది లోపలి మనిషిని గూర్చి భయము పెరుగును. ఈ కథలోని ఆకర్షణకు మొదటి మెట్టు ఇది.

లోపలివాడు అమురో రే. యంత్రములతో తప్ప మనుష్యులతో మాటలాడ నేర్వని బాలుడు. అతడు నివసించు చోటికి శత్రువులు వచ్చి కాల్పులు జరుపగా, పొరుగింటి బాలిక ఫ్రావ్ తల్లియు తాతయు ఆమె కన్నులయెదుటనే మరణింతురు. అమురో చేతికందిన పుస్తకమును చూచుకొనుచు యంత్రములోని కెక్కును. అతడు కూల్చిన మొదటి శత్రుయంత్రము ప్రేలి ఆ నివాసపు గోడకే పెద్ద రంధ్రము చేయును. ఆ రంధ్రము గుండ అతని తండ్రి శూన్యములోనికి కొట్టుకొనిపోవును. నాయకుని తొలి విజయమే అతని యింటిని బద్దలుకొట్టినది! ఇట్టి ఆరంభమును పెట్టిన దర్శకుడు చప్పట్ల కొరకు కథ చెప్పుచున్నవాడు కాడని మొదటినాడే తేలిపోయినది. మనవారికి అభిమన్యుడును, పల్నాటి బాలచంద్రుడును తెలిసినవారే. పెద్దలు నడపలేక చిక్కుపరచిన వ్యవహారములోనికి పసివారు పోయి పడుట మన శ్రోతలను తరతరములుగా ఏడ్పించినది. అయితే ఆ బాలురకు పద్మవ్యూహములోనికి పోవునప్పుడు సైతము తాము ఎవరి బిడ్డలో తెలియును; వారి వెనుక వంశము కలదు, మాట కలదు. అమురో వెనుక ఏమియు లేదు. అతని ధైర్యము వీరరసమునకు చెందినది కాదు. మరియొక దారి లేనివాని తెగువ అది.

శత్రువుల చిత్రణలోను ఇదే నిజాయతీ కనబడును. ఒక భాగములో బిడ్డను వెంటబెట్టుకొని తన భర్త ఊరు వెదకుచు పోవు ఒక స్త్రీకి జియోన్ కావలి సైనికులు ఆహారమును జారవిడుతురు. ఆమె వెదకెడి పట్టణము ఆ శిథిలభూమియే యని ఆమెకు తెలియవలసి వచ్చును. అన్నము పెట్టినవాడు శత్రువు, ఊరు పోయినది యుద్ధములో, ఎవరిని దూషింపవలెను? మరియొక భాగములో ఎడారి నడుమ నున్న ఒక భోజనశాలలో రాంబా రాల్ అను శత్రునాయకుని సహచరి హామోన్, ఆకలిగొన్న అమురోకు భోజనము పెట్టించబోవును. తాను బిచ్చగాడను కానని ఆ బాలుడు నిరాకరింపగా, ఆ తెగువకు రాల్ సంతసించును. కొలది దినములకే వారు ఒకరినొకరు చంపుకొనుటకు దిగవలసినవారే. ఇంకొకచోట బెల్ఫాస్ట్ నగరమున మిహారు అను పడుచు, తమ్ముని, చెల్లెలిని పోషించుకొనుటకై జియోన్‌వారికి వేగులు మోయుచుండును. ఓడలోనికి రహస్యముగా చేరిన పిమ్మట అక్కడి పసివారిని చూచి ఆమె మనస్సు మారును. వారిని కాపాడబోయి ప్రాణము కోల్పోవును. ఆమెను ఇంటివద్ద ఎదురుచూచెడి పసివారి సంగతి ఏమాయెనో ఆ భాగము చూచినవాడు తలపోయక మానడు. ఇక్కడ కరుణరసము మాటలతో పోషింపబడలేదు. ఆకలి, అన్నము, పసిబిడ్డలు అను సామాన్య విషయములతోనే పోషింపబడినది.

ఈ ధారావాహికలో నాకు మిక్కిలి గొప్పదిగా తోచినది పదుమూడవ భాగము. అంతరిక్షమునకు పోవుట యిష్టము లేక తల్లి భూమిపైననే నిలిచిపోయినది. తండ్రి బాలుని వెంటగొనిపోయెను. ఇన్నేండ్లకు అమురో పుట్టిన యింటికి వచ్చును. ఆ యింట స్వపక్షపు సైనికులు త్రాగి అల్లరి చేయుచుందురు. తల్లి శరణార్థుల శిబిరమున రోగులకు సేవ చేయుచుండును. ఆమెను కలిసికొనిన కొంతసేపటికే శత్రుసైనికులు సోదాకు వత్తురు. తల్లి కుమారుని రోగివలె పడుకొనబెట్టి దుప్పటి కప్పును. పట్టుపడబోవు క్షణమున అతడు ఆ దుప్పటి చాటునుండియే తుపాకి కాల్చును. తల్లి నిశ్చేష్టురాలగును, ఆ పడినవానికి కూడ ఇల్లు, బిడ్డలు ఉందురు గదా యని వాపోవును. యుద్ధమున వాడు శత్రువు గదా యని కుమారుడనును. ఇద్దరి మాటలును నిజములే. చివరకు అతడు తల్లికి సైనికుని వలె వందనము చేసి వెడలిపోవును. ఆమె నేలపై కూలి విలపించును. తల్లికి కొడుకు నమస్కరించుటలో మనకు ఆర్ద్రత కనబడును; ఈ వందనములో కనబడునది తెగిపోయిన పేగు. పేరునకు యంత్రముల కథయైనను, ఈ ఘట్టమున యంత్రముతో పనియే లేదు.

తండ్రి సంగతి ఇంకను దారుణము. చచ్చిపోయెననుకొన్న తండ్రి కథ చివరిభాగమున ఒక తటస్థ నివాసమున కనబడును. శూన్యమున ప్రాణవాయువు చాలక అతని బుద్ధి మందగించినది. ఒకప్పుడు గండమ్ నిర్మాణమును నడపినవాడు ఇప్పుడు ఎందుకును పనికిరాని పాత పరికరమొకటి కుమారుని చేతిలో పెట్టి, దీనిని తగిలించుము, నీ యంత్రపు బలము హెచ్చునని సంబరపడును. కుమారుడు దానిని తీసికొని బయటకు వచ్చి వీథిలో విసరివేయును. వలసవెళ్లిన తండ్రులు తమకు తెలిసిన విద్యయే బిడ్డలకు రక్షయని నమ్ముట, ఆ విద్యకు కాలము చెల్లిపోయినదని బిడ్డలు గ్రహించియు చెప్పలేకపోవుట మనము ఎరుగనివి కావు.

కథ పరాకాష్ఠకు చేరునది లాలా సూన్ పాత్రతో. ఆమె చామనచాయది, నుదుట బొట్టు కలది, అభిమానులు ఆమెను భారతదేశపు బాలికగా భావించుచుందురు. కృత్రిమముగా కురియుచున్న వానలో, ఒక సరస్సు చెంత, అమురో ఆమెను మొదటిసారి చూచును. వారిద్దరికిని ఒక విశేషశక్తి కలదు: మాటలతో పని లేకయే ఎదుటివాని మనస్సును తెలిసికొనగలరు. అంతరిక్షమున జీవించుటచే మానవజాతిలో పుట్టిన కొత్త లక్షణమిది యని కథ చెప్పును. భాష లేకయే ఒకరినొకరు గ్రహించుట కంటె పరభాషల నడుమ బ్రదుకువారికి ఇంపైన కల మరియొకటి యుండునా? తోమినో గొప్పతనము ఆ కలను ఇచ్చి, దాని హద్దును కూడ చూపుటలో నున్నది. వారిద్దరు ఎదురెదురు పక్షములలో యంత్రములలో కూర్చుండి పోరుచుండగనే ఒకరినొకరు గ్రహింతురు. అంతలో, అమురో చిరకాల ప్రత్యర్థియైన షార్‌ను కాపాడబోయి, ఆమె అమురో చేతిలోనే మరణించును. మనస్సులు కలసినంతమాత్రమున యుద్ధములు ఆగవు. ఆజ్ఞలు, జెండాలు, పగలు మనస్సులకంటె ముందు నడచుచుండును. మరణమునకు ముందు లాలా అమురోను అడిగిన ప్రశ్నలో నీ కావ్యసారమంతయు నున్నది: కాపాడుకొనుటకు నీకు ఊరు లేదు, నీవారనువారు లేరు, మరి ఎందులకు పోరుచున్నావని ఆమె భావము. ఆ బాలుని వద్ద సమాధానము లేదు.

సమాధానము చివరిభాగమున దొరకును. ఆ మహాకవచము శిరస్సును, ఒక చేతిని కోల్పోయి, తుది దెబ్బ కొట్టి కూలిపోవును. దానిని విడిచి బయటపడిన బాలుడు, మండుచున్న కోటలో చిక్కిన తన సహచరులను మనశ్శక్తితోనే ఒక్కొక్కరిని పిలిచి దారి చూపును. పిదప ఓడలోని పసిపిల్లలు అతని రాకను పసిగట్టి అతనికి దారి చూపుదురు. చేతులు చాచి నిలిచిన ఆ చిన్నగుంపును చూచి, తనకు కూడ తిరిగిపోవుటకొక చోటు కలదని అతడు కన్నీటితో గ్రహించును. పుట్టిన యిల్లు అన్యుల పాలైనది, తల్లి దూరమైనది, తండ్రి మతిచెడెను, కవచము పగిలెను. మిగిలినది తనకొరకు ఎదురుచూచెడి కొందరు మనుష్యులు. నలుబదిమూడు భాగముల యుద్ధము ఈ యొక్క క్షణము కొరకే నడచినట్లు తోచును.

గుణములను చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. ఈ కథ యుద్ధమును నిందించుచునే యుద్ధయంత్రమును అందముగా చూపును. తెలుపు, ఎరుపు, నీలము, పసుపు రంగులతో మెరయు ఆ యంత్రము ఆటబొమ్మయే. శత్రువుల దుస్తులును, యంత్రములును మరింత ముచ్చటగా నుండి, కొందరు యువకులు జియోన్‌వారి జెండాను ధరించి మురియుటకు కూడ దారితీసినవి. కథ కంటతడి పెట్టించుచుండగా దుకాణము నవ్వుచుండును. ఆ దుకాణమే లేకున్నచో కథ మరల వెలుగు చూచెడిదో లేదో. ఈ వైరుధ్యమును గండమ్ ఏనాడును దాటలేదు. రెండవది, లాలా, మిహారు, హామోన్ మొదలగు స్త్రీపాత్రలు పెక్కు పురుషులకు బుద్ధి గరపుటకే మరణించినట్లుండును. మూడవది, వారమునకొక పోరు చూపవలసిన నిర్బంధము వలన నడుమ కొన్ని భాగములు పలుచబడినవి. చిత్రలేఖనము పలుచోట్ల తొందరపాటుతో కూడినది. అయితే ఇది మనకు పెద్ద అడ్డంకి కాదు. తోలుబొమ్మలాట చూచినవారికి, బొమ్మ కదలిక కొంచెమైనను, గొంతు పలికినచో కథ నిలుచునని తెలియును.

తరువాతి కాలమున ఈ కథకు శాఖోపశాఖలు పుట్టినవి. వానిలో 1989 నాటి ‘వార్ ఇన్ ది పాకెట్’ అను ఆరు భాగముల చిన్నకథ నాకు ప్రత్యేకముగా నచ్చినది. యుద్ధయంత్రములపై వెర్రివ్యామోహము గల ఒక బాలుడు ఆ వ్యామోహపు వెలను తెలిసికొనుటయే దాని యితివృత్తము. పైన చెప్పిన వైరుధ్యమునకు ఆ శాఖలోనివారే వ్రాసికొన్న విమర్శ యది. మరియొకవైపు 2009లో తోక్యోలోని ఒదైబాలో గండమ్ విగ్రహమును 18 మీటర్ల నిలువెత్తున నిలిపిరి. 2020 డిసెంబరు నుండి 2024 మార్చి వరకు యొకొహామాలో కదలెడి విగ్రహమును ప్రదర్శించిరి. జనము తండోపతండములుగా పోయి చూచిరి. విగ్రహములో బాలుడు లేడు గనుక దానిని చూచి ఏడ్చుటకు కారణము లేదు. కథ ఎరిగినవాడు మాత్రము ఆ ఇనుప ఎదలోని ఖాళీగదిని తలచుకొనును.

ఇంతకును ఈ సంచిక పాఠకులమైన మనకు దీనితో గల పని యేమి? మనలో కొందరి పూర్వులు బ్రతుకుతెరువు వెదకికొనుచు షోలాపురపు మగ్గముల వద్దకు వచ్చినవారు. కొందరు కదలనే లేదు; సరిహద్దులే కదలినవి. బరంపురము 1936లో ఒడిస్సాలో చేరినది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. ఎట్లయినను మూడు నాలుగు తరములుగా మన బిడ్డలకు ‘స్వస్థలము’ అను మాటకు అర్థము చెప్పుట కష్టమగుచునే యున్నది. తెలుగునాటికి పోయినచో అక్కడివారు మన యాసకు నవ్వుదురు. ఇక్కడివారు మన యింటిపేరుకు తికమకపడుదురు. మన బిడ్డలు అంతరిక్షములో పుట్టిన బాలుని కథను ఎందుకింత ఆసక్తితో చూచుచున్నారను ప్రశ్నకు ఇది ఒక కొంత సమాధానము కావచ్చును. మనకు యుద్ధము లేదు. ఇరుగుపొరుగు భాషలవారితో పెండ్లిపేరంటములు పంచుకొనుచు బ్రదుకుచున్నవారము. అయినను జియోన్ కథలో అల్పసంఖ్యాకులందరికిని ఒక హెచ్చరిక కలదు. మా భాష, మా బ్రతుకు మాకు కావలెననుట న్యాయము. ఆ న్యాయము ‘మేమే మిన్న’ అను మాటగా మారిన దినమున, దానిని నమ్మిన బిడ్డలే మొట్టమొదట కవచములలో కెక్కవలసివచ్చును.

కావున పెద్దలకు నా మనవి యిది. పిల్లలు ఈ చిత్రములను చూచుచున్నప్పుడు చరచర లేచిపోక, వారి చెంత ఒక సాయంకాలము కూర్చుండుడు. భాష జపానుభాషయే, క్రింద అక్షరములు ఇంగ్లీషువి. అయినను పదుమూడవ భాగమున తల్లి దుప్పటి కప్పుట, కుమారుడు వందనము చేయుట అర్థమగుటకు ఏ భాషయు అక్కరలేదు. అది ముగిసిన పిమ్మట, అభిమన్యుని కథను, ఘటోత్కచుని కథను మీరు చెప్పుడు. వారు శ్రద్ధతో వినెదరు. ఆ పరదేశపు బాలుని వలన మన యింటి బాలురకు మన కథలు మరల చేరువైనచో, అంతకంటె కోరదగిన ఫలమేమున్నది?